హాన్లే చీకట్లో పాలపుంతను ఫొటో తీయడం ఎలా?

కెమెరా సంగతి తర్వాత చూద్దాం. ముందు గోడ మీది తెలుగు క్యాలెండర్లో అమావాస్య ఎప్పుడో వెతకండి. లదాఖ్‌లోని హాన్లేకి రెండుసార్లు వెళ్ళొచ్చాక నాకు బాగా తెలిసింది ఇది: రాత్రి ఆకాశం ఫొటోకి అసలైన పరికరం చీకటి. లెన్సు అద్దెకు దొరుకుతుంది, ట్రైపాడ్ స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకోవచ్చు. చీకటిని మాత్రం అది ఉన్న చోటికి, అది ఉన్న రోజున మనమే వెళ్ళి పట్టుకోవాలి.

హాన్లే ఇసుక తిన్నెల ఎడారి కాదు, చలి ఎడారి. హిమాలయాలు వాన మబ్బుల్ని దక్షిణానే ఆపేయడంతో అక్కడ ఏడాది పొడుగునా వాన చాలా తక్కువ. రాళ్ళు, గోధుమరంగు కొండలు, మధ్యలో సన్నటి వాగు, దాని పక్కన కాస్త పచ్చిక. గ్రామం సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే గుట్ట మీద, 4,500 మీటర్ల ఎత్తున, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వారి వేధశాల ఉంది. అందులోని రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహ లింకుతో నడిపిస్తారు. ఆ వేధశాల చుట్టూ 22 కిలోమీటర్ల మేర, మొత్తం 1,073 చదరపు కిలోమీటర్లను 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు. మన దేశంలో ఇదే మొదటిది. ఊళ్ళోవాళ్ళు వీధి దీపాలకు మూతలు పెట్టుకున్నారు, కిటికీలకు మందపాటి కర్టెన్లు కట్టుకున్నారు. మనం ఫొటో తీసుకునే చీకటి వాళ్ళు అలా కాపాడి ఉంచింది. ఈ మాట ముందే చెప్పడానికి కారణముంది, కింద చాలాచోట్ల మళ్ళీ అవసరమవుతుంది.

తేదీ ఎంచుకోవడం

మన నెలలు అమావాస్యతో ముగుస్తాయి కాబట్టి లెక్క తేలిక. బహుళ దశమి నుంచి శుద్ధ తదియ దాకా, అంటే నెల చివరి ఐదారు రోజులు, వచ్చే నెల మొదటి మూడు రోజులు, మీవి. చంద్రుడు రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ పక్షం చివర్లో తెల్లవారుజామున గానీ రాడు. తదియ నాటి నెలవంక పొద్దుగుంకిన కొద్దిసేపటికే దిగిపోతుంది.

ఇక ఏ నెల? పాలపుంతలో అన్నిటికన్నా కాంతివంతమైన భాగం, దాని నడిబొడ్డు, వృశ్చికం తోకకీ ధనుస్సుకీ మధ్య ఉంటుంది. చలికాలంలో అది సూర్యుడి వెనక్కి వెళ్ళిపోతుంది. మే నెల రెండో సగంలో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆగ్నేయంలో ఉదయించి, రెండింటికల్లా దక్షిణాన నడినెత్తికి కాదు గానీ, దాని గరిష్ఠ ఎత్తుకి వస్తుంది. జూన్‌లో దాదాపు రాత్రంతా కనిపిస్తుంది, కానీ అక్కడ జూన్ రాత్రులు చిన్నవి. జూలై, ఆగస్టుల్లో రుతుపవనాల మబ్బులు కొన్ని కొండలు దాటి వస్తుంటాయి, అదొక టెన్షన్.

నన్నడిగితే మహాలయ అమావాస్యకి వెళ్ళండి. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య లోపు వస్తుంది. మబ్బు తక్కువ, గాలి శుభ్రంగా ఉంటుంది, దసరా సెలవులు కూడా దగ్గరలోనే ఉంటాయి. అప్పుడు చీకటి పడేసరికే పాలపుంత నైరుతి దిక్కున నిలువుగా లేచి, నెత్తి మీదుగా ఈశాన్యానికి పారుతూ ఉంటుంది. అర్ధరాత్రి దాకా మేలుకోనక్కర్లేదు. కాకపోతే నడిబొడ్డు ఎక్కువసేపు ఉండదు. సెప్టెంబర్ చివర్లో రాత్రి ఎనిమిదింటికి 20 డిగ్రీల ఎత్తున ఉంటుంది, పది దాటేసరికి కొండల వెనక్కి జారిపోతుంది. అక్టోబర్‌కి ఇంకా ముందే. అందుకని చీకటి పడేలోపు ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి.

ఒక సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. పాలపుంత నడిబొడ్డు హాన్లేలో కన్నా మన దగ్గరే ఎక్కువ ఎత్తుకి వస్తుంది. హైదరాబాద్ నుంచి అది 43 డిగ్రీల దాకా లేస్తే, హాన్లేలో 28 డిగ్రీలే. ఉత్తరానికి పోయేకొద్దీ దక్షిణపు చుక్కలు కిందికి దిగుతాయి మరి. అంత దూరం వెళ్ళేది ఎత్తు కోసం కాదు, చీకటి కోసం, పొడిగాలి కోసం. హైదరాబాద్ శివార్లలో జపాల్-రంగాపూర్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది. నగరం వెలుగుకి దూరంగా ఉంటుందని ఒకప్పుడు అక్కడ పెట్టారు. ఇవాళ ఆ దారిలో రాత్రిపూట వెళితే నగరం ఉన్న దిక్కున ఆకాశం నారింజరంగులో కనిపిస్తుంది. చీకటి ఎలా కరిగిపోతుందో చూడ్డానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకి లేదు.

ఒంటిని సిద్ధం చేయడం

దీన్ని దాటేసి సెట్టింగుల దగ్గరికి వెళ్ళిపోకండి. హాన్లే ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో సుమారు 60 శాతమే. విశాఖలోనో విజయవాడలోనో పెరిగిన ఒంటికి అది చిన్న మార్పు కాదు. విమానంలో లేహ్‌లో దిగితే అప్పటికే 3,500 మీటర్ల ఎత్తున ఉన్నట్టు. అక్కడ రెండు పూర్తి రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఉండండి. నీళ్ళు బాగా తాగండి, మద్యం జోలికి వెళ్ళకండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు వేసుకోవాలా వద్దా అనేది బయలుదేరే ముందే మీ డాక్టర్‌ని అడగండి. లేహ్ నుంచి హాన్లే 250 కిలోమీటర్ల పైచిలుకు. ఉప్షి, చుమాథాంగ్, మాహే, న్యోమా మీదుగా, చాలా దూరం సింధు నది పక్కనే. తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వాంతులవుతున్నా, నడక తూలుతున్నా ఫొటో ఆలోచన పక్కన పెట్టి అదే రాత్రి కిందికి దిగిపోవాలి. తెల్లారేదాకా ఆగుదామనుకోవద్దు.

అది సరిహద్దు ప్రాంతం. అనుమతి పత్రం లేహ్ జిల్లా పాలనా యంత్రాంగం వెబ్‌సైట్లో తీసుకోవాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందే చూసుకోండి. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న మన వాళ్ళకి నియమాలు వేరుగా ఉంటాయి. డ్రోన్ తీసుకెళ్ళకండి. సైనిక శిబిరాల వైపు, వంతెనల వైపు కెమెరా తిప్పకండి. మన రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లదాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదీ హాన్లేలో అంతంతమాత్రమే. అందుకని స్టెల్లారియం లాంటి ఆకాశ పటం యాప్, ఆ ప్రాంతపు మ్యాపు, రెండూ ఆఫ్‌లైన్‌లో పనిచేసేలా ఇంటి దగ్గరే దింపుకోండి.

సంచిలో ఏముండాలి

మాన్యువల్ మోడ్ ఉన్న ఏ డీఎస్‌ఎల్‌ఆర్ అయినా, మిర్రర్‌లెస్ అయినా చాలు. బాడీ మీద పెట్టే డబ్బు లెన్సు మీద పెట్టండి. వెడల్పుగా చూసే లెన్సు కావాలి: పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 14 నుంచి 24 మిల్లీమీటర్లు, అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ అయితే 10 నుంచి 16. ఎపర్చర్, అంటే లెన్సులోంచి వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 2.8 లేదా అంతకన్నా తెరుచుకునేది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). కెమెరాతో వచ్చే కిట్ లెన్సు ఎఫ్ 3.5తో కూడా ఫొటో వస్తుంది, ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా స్పందించే తీరు, కాస్త పెంచుకోవాలి అంతే. ట్రైపాడ్ బరువైనదే మేలు. షట్టర్ నొక్కడానికి రిమోట్ కావాలి, లేకపోతే రెండు సెకన్ల టైమర్.

బ్యాటరీలు మూడైనా ఉండాలి. చలిలో అవి చూస్తుండగానే పడిపోతాయి. వాడనివి చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. అయిపోయిందనుకున్న బ్యాటరీని అరగంట జేబులో ఉంచితే మళ్ళీ కొన్ని ఫొటోలకి పనికొస్తుంది. విమానంలో బ్యాటరీలూ పవర్‌బ్యాంకులూ చేతి సామానులోనే ఉండాలి. ఎర్ర లైటు ఉన్న హెడ్‌టార్చ్, లెన్సుకి చుట్టే చిన్న హీటర్ పట్టీ, ఒక పేపర్ టేపు చుట్ట, జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ సంచి, రెండు పొరల గ్లౌజులు. లోపలి పొర పల్చగా ఉంటే బటన్లు తెలుస్తాయి. అక్టోబర్‌లోనే రాత్రి సున్నా కిందికి పోతుంది, గాలి కూడా తోడైతే పది నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారతాయి.

ఫొటో తీయడమెలాగో హాన్లే వెళ్ళి నేర్చుకుందాం అనుకోకండి. ఆ ఎత్తులో మెదడు మందంగా నడుస్తుంది, ఎప్పుడూ చేసే పని కూడా రెండుసార్లు ఆలోచించాల్సి వస్తుంది. గండికోటో, నల్లమల అంచున ఏదైనా ఊరో, లేకపోతే మీ సొంతూరి పొలమో, కాస్త చీకటి ఉన్నచోట ఒక అమావాస్య రాత్రి ఇదంతా ఒకసారి చేసి చూడండి. లైటు ఆర్పేసి, కళ్ళు మూసుకుని ఐఎస్ఓ బటన్ ఎక్కడుందో వేలితో పట్టుకోగలగాలి.

పగలే చోటు చూసుకోవడం

హాన్లే చేరిన రోజు సాయంత్రం ఫొటో పెట్టుకోకండి, పడుకోండి. మరుసటి రోజు మధ్యాహ్నం చోటు వెతకండి. యాప్‌లో రాత్రి ఎనిమిది గంటలు పెట్టి, ఫోన్ నైరుతికి తిప్పితే పాలపుంత ఎక్కడ నిలబడుతుందో కనిపిస్తుంది. ఆ గీత కింద ఏముందో చూడండి. పదిహేడో శతాబ్దపు బౌద్ధ మఠం ఒక గుట్ట మీద ఉంది, దూరం నుంచి చూస్తే గుట్టలోంచి మొలిచినట్టుంటుంది. దారి పక్కన తెల్లటి స్తూపాలు, వాటిని అక్కడ ఛోర్టెన్‌లంటారు. రాళ్ళు పేర్చిన గోడలు, వాగులో నిలిచిన నీటి మడుగులు. ఈ నాలుగింటిలో నాకిష్టమైనవి మడుగులు. గాలి లేని రాత్రి దొరికితే జ్యేష్ఠ నక్షత్రపు ఎర్రటి చుక్క నీళ్ళలో కూడా కనిపిస్తుంది.

ముందువైపు ఏదో ఒక ఆకారం ఉండాలి. ఉత్త ఆకాశం తీస్తే అది హాన్లేలో తీసిందో ఇంకెక్కడ తీసిందో చూసేవాళ్ళకి తెలియదు. ఆ ఆకారం మీకు మరీ దగ్గరగా ఉండకూడదు. వెడల్పు లెన్సుతో ఐదారు మీటర్ల దూరంలో ఉంటే చుక్కలతో పాటు అదీ దాదాపు స్పష్టంగా వస్తుంది. నిలబడాల్సిన చోట నాలుగు రాళ్ళు గుర్తుగా పెట్టుకుని రండి, చీకట్లో చోట్లన్నీ ఒకలాగే ఉంటాయి.

బండిని ఆ చోటికి తీసుకెళ్ళకండి. రిజర్వ్‌లో రాత్రిపూట హెడ్‌లైట్లు వీలైనంత తగ్గించాలి, వేధశాల వైపు అసలు వేయకూడదు. ఒక్క హైబీమ్ పడిందంటే మీ పక్కవాడి ఫొటో ఒకటే కాదు, గుట్ట మీద పరిశోధన కోసం నడుస్తున్న పని కూడా చెడుతుంది. ఊళ్ళో శిక్షణ పొందిన ఆస్ట్రో అంబాసిడర్లు ఉన్నారు, టెలిస్కోప్‌తో వచ్చినవాళ్ళకి ఆకాశం చూపిస్తారు. మీరుండే హోమ్‌స్టేలో అడిగితే ఎవరో ఒకరిని పిలుస్తారు. వాళ్ళని తోడు తీసుకెళ్ళండి. చోటు వాళ్ళకే బాగా తెలుసు, ఆ డబ్బు ఆ ఊరికి చెందడం న్యాయం కూడా.

ఫోకస్: అన్నిటికన్నా కష్టమైన మెట్టు

నా మొదటి హాన్లే రాత్రి నూటనలభై ఫొటోలు తీశాను. కెమెరా వెనక తెర మీద ప్రతిదీ అద్భుతంగా ఉంది. హైదరాబాద్ వచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఒక్క చుక్క కూడా చుక్కలా లేదు, అన్నీ చిన్న చిన్న పూసలు. లెన్సు మీద అనంతం గుర్తు దగ్గర రింగ్ పెట్టేసి అదే ఫోకస్ అనుకున్నాను. ఆ రాత్రి తిరిగి రాదు కదా, చాలా రోజులు బాధపడ్డాను. అందుకే ఈ మెట్టు విడమరిచి చెబుతున్నాను.

లెన్సుని మాన్యువల్ ఫోకస్‌లో పెట్టండి. ఎపర్చర్ పూర్తిగా తెరవండి. లైవ్ వ్యూ (దృశ్యం వెనక తెర మీద కనిపించే పద్ధతి) వేసి కెమెరాని ఆకాశంలో బాగా మెరిసే చుక్క వైపు తిప్పండి. సెప్టెంబర్‌లో నడినెత్తికి దగ్గరగా అభిజిత్ ఉంటుంది, అది సరిపోతుంది. గురుగ్రహం కనిపిస్తే ఇంకా తేలిక. ఆ చుక్కని తెర మధ్యకి తెచ్చి, భూతద్దం గుర్తు ఉన్న బటన్ నొక్కి పది రెట్లు పెంచండి. ఇప్పుడది శనగగింజంత మసక ముద్దలా ఉంటుంది. రింగుని వెంట్రుకవాసి తిప్పండి. ముద్ద ఆవగింజంత అవుతుంది. ఇంకాస్త తిప్పితే సూదిమొనంత అయి, పక్కనే ఇందాక లేని రెండు మూడు సన్నటి చుక్కలు పుట్టుకొస్తాయి. అక్కడ ఆగకండి. కావాలనే ఇంకొంచెం ముందుకి తిప్పి మళ్ళీ ఉబ్బనివ్వండి, తర్వాత వెనక్కి రండి. సన్నటి చుక్కలు మళ్ళీ ఎక్కడ కనిపిస్తాయో అదే మీ ఫోకస్. కొన్ని లెన్సుల్లో చుక్క చుట్టూ ఊదారంగు అంచు వస్తుంది, అది పోయి తెల్లగా అయ్యే చోటు చూసుకోండి.

ఇప్పుడు రింగు కదలకుండా పేపర్ టేపు ముక్క అతికించండి. ఒక ఫొటో తీసి, దాన్ని పూర్తిగా పెద్దది చేసి, మధ్యలోనూ మూలల్లోనూ చూడండి. రాత్రి చలి పెరిగేకొద్దీ లెన్సు లోపలి లోహం ముడుచుకుని ఫోకస్ జరుగుతుంది. గంటకొకసారి టేపు తీసి మళ్ళీ సరిచూడాలి. బద్ధకంగా ఉంటుంది, చేతులు కొంకర్లు పోతాయి, అయినా చేయండి.

ఎక్స్‌పోజర్

పొద్దుగుంకిన తర్వాత సుమారు గంటన్నరకి గానీ పూర్తి చీకటి రాదు. మీ కళ్ళు చీకటికి అలవాటు పడ్డానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెర చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఎర్ర లైటు. చీకట్లో చూడ్డానికి పనికొచ్చే కంటి కణాలు ఎరుపుని పెద్దగా పట్టించుకోవు. కెమెరా తెర వెలుగు కూడా బాగా తగ్గించేయండి.

మొదలుపెట్టడానికి: ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200, 15 సెకన్లు. ఫైలు రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన వివరాలు అలాగే ఉండేది) ఉండాలి, జేపెగ్ వద్దు. రంగుల తీరు నిర్ణయించే వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర పెట్టుకోండి, తర్వాత మార్చుకోవచ్చు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి ఊపు సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి. ఫొటోలో గరుకుదనం తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపేయండి. అది ఉంటే ప్రతి ఫొటో తర్వాత అంతే సేపు కెమెరా ఖాళీగా ఆగిపోతుంది.

15 సెకన్లే ఎందుకు? భూమి తిరుగుతోంది. చుక్కలు గంటకి 15 డిగ్రీలు జరుగుతాయి. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క గీతవుతుంది. పాతకాలం లెక్క ఒకటుంది: 500ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద ఉండే మిల్లీమీటర్ల అంకె) భాగిస్తే ఎన్ని సెకన్లు వస్తాయో అంతవరకు తెరవొచ్చు అని. ఏపీఎస్-సీ అయితే ఫోకల్ లెంగ్త్‌ని ఒకటిన్నరతో గుణించి భాగించాలి. 16 మిల్లీమీటర్లకి 20 సెకన్లు వస్తుంది. ఇది ఫిల్మ్ రోజుల నాటి ఉదారమైన లెక్క. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సర్ మీద ఆ 20 సెకన్లలో చుక్క ఆరు పిక్సెళ్ళు జరుగుతుంది, పెద్ద ప్రింట్ వేస్తే సేమియా ముక్కలా కనిపిస్తుంది. అందుకే నేను 500 బదులు 300తో లెక్కేస్తాను. 16కి 12, 13 సెకన్లు. ధ్రువ నక్షత్రం వైపు చుక్కలు తక్కువ జరుగుతాయి కాబట్టి ఉత్తరానికి తిప్పినప్పుడు ఇంకొంచెం ఎక్కువ తెరవొచ్చు.

లెన్సు ఎఫ్ 1.4 దాకా తెరుచుకున్నా ఎఫ్ 2కి తగ్గించండి. పూర్తిగా తెరిస్తే మూలల్లో చుక్కలకి రెక్కలొస్తాయి. ఫొటో బాగుందో లేదో తెర చూసి తేల్చుకోవద్దు. చీకట్లో ఏ ఫొటో అయినా ప్రకాశవంతంగానే అనిపిస్తుంది. హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గీత పటం, చూడండి, అందులోని గుట్ట ఎడమ అంచుకి అతుక్కుపోకుండా కాస్త కుడికి జరిగి ఉంటే చాలు.

ఒకే ఫ్రేములో కనీసం 16 ఫొటోలు వరుసగా తీయండి. తర్వాత వాటిని కలిపితే గరుకుదనం నాలుగో వంతుకి తగ్గుతుంది. మధ్యలో ఉపగ్రహమో విమానమో గీత గీస్తే అది కూడా ఆ కలపడంలోనే చాలావరకు పోతుంది. తర్వాత ట్రైపాడ్ కదపకుండా, ఐఎస్ఓ 1600కి తగ్గించి రెండు నుంచి నాలుగు నిమిషాల ఫొటోలు రెండు తీయండి. ఇవి నేల కోసం. వీటిలో చుక్కలు గీతలవుతాయి, పర్వాలేదు, మనం వాడేది కింది సగమే. చాలామంది నేల కనిపించడానికి టార్చ్ వేస్తారు. హాన్లేలో అది చేయొద్దని నా మనవి. మీ చుట్టూ ఇంకో పదిమంది చీకటి కోసమే వచ్చి నిలబడి ఉంటారు. పైగా నక్షత్రాల వెలుగులో నాలుగు నిమిషాలు తడిసిన నేలకి ఉండే మెత్తదనం టార్చ్ పడిన నేలకి రాదు. లేజర్ పాయింటర్ సంగతి సరేసరి, అసలు సంచిలోనే పెట్టుకోవద్దు.

గాలి హాన్లేలో పెద్ద శత్రువు. ట్రైపాడ్ మధ్య గొట్టం పైకి లేపకండి, కాళ్ళు పొట్టిగా పెట్టి వెడల్పుగా చాచండి. సంచిని కొక్కేనికి తగిలిస్తే అది నేలకి ఆనేలా చూడండి, ఊగితే ఇంకా చెడుతుంది. మీరే గాలికి అడ్డంగా కూర్చోవడం అన్నిటికన్నా మంచి ఉపాయం.

కెమెరా తప్పు అనుకోవద్దు

మొదటిసారి వెళ్ళినవాళ్ళు రెండు విషయాల దగ్గర కంగారుపడతారు. ఒకటి, ఫొటోలో ఆకాశం నల్లగా కాకుండా పచ్చటి అలలుగా వస్తుంది. అది వాయుదీప్తి. భూమికి సుమారు 95 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు విడుదల చేసే సహజ కాంతి. నగరాల వెలుగులో అది మునిగిపోతుంది కాబట్టి మనకి అలవాటు లేదు. ఫొటో సరిచేసేటప్పుడు ఆ పచ్చదనాన్ని పూర్తిగా తుడిచేసి ఆకాశానికి నీలం పులమకండి. అంత చీకట్లో నిలబడితే తప్ప దొరకని రంగు అది. 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు హాన్లే ఆకాశంలో ఎర్రటి అరోరా కాంతి కూడా కెమెరాలకి చిక్కింది.

రెండోది, సెప్టెంబర్, అక్టోబర్‌లలో తెల్లవారడానికి చాలా ముందే తూర్పున గోపురంలా లేచే తెల్లటి కాంతి. పొద్దుపొడుస్తోందని సామాను సర్దేయకండి. అది గ్రహాల మధ్యనున్న ధూళి మీద పడిన సూర్యకాంతి, రాశిచక్ర కాంతి అంటారు. అదే సమయానికి పిల్లలకోడి, అదే కృత్తిక, నెత్తి మీదికి వచ్చి ఉంటుంది. మబ్బు లేకపోతే ఓపిక చేసుకుని నాలుగింటికి లేవండి.

చుక్కల గీతలు కావాలంటే

కెమెరాని ఉత్తరానికి తిప్పండి. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉంటుందంటే ఆ చోటి అక్షాంశమెంతో అంత. హైదరాబాద్‌లో 17 డిగ్రీలు, హాన్లేలో దాదాపు 33. అందుకని కింద మఠమో కొండో పెట్టుకుని పైన పూర్తి వలయాలు తెచ్చుకోవడం ఇక్కడ తేలిక. ఐఎస్ఓ 1600, 30 సెకన్ల ఫొటోలు, మధ్యలో ఒక్క సెకను విరామం. గంటకి నూటపదహారు ఫొటోలు పడతాయి, గీత 15 డిగ్రీల వంపు తిరుగుతుంది. రెండు గంటలు వదిలేస్తే నిండుగా ఉంటుంది. హీటర్ పట్టీ కట్టడం ఇక్కడ తప్పనిసరి, గాలి పొడిగా ఉన్నా తెల్లవారుజామున అద్దం మీద మంచు పొర కట్టొచ్చు. స్టార్‌స్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇవన్నీ కలిపి ఒక్క ఫొటో చేస్తుంది.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు నిరాశ పడక్కర్లేదు. పిక్సెల్ ఫోన్లలోని ఆస్ట్రో మోడ్ నాలుగు నిమిషాల వరకు, ఐఫోన్ నైట్ మోడ్ ట్రైపాడ్ మీద 30 సెకన్ల వరకు తీస్తాయి. మిగతా ఫోన్లలో ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600, 20 సెకన్లు, ఫోకస్‌ని కొండ గుర్తు మీద పెట్టండి. వెడల్పు కెమెరా బదులు ప్రధాన కెమెరానే వాడండి. నొక్కేటప్పుడు ఊగకుండా టైమర్ పెట్టాలి.

లోపలికి వచ్చాక

చలిలోంచి కెమెరాని నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే అద్దాల మీద, లోపల కూడా, తేమ పడుతుంది. బయట ఉండగానే మెమరీ కార్డు, బ్యాటరీ తీసేసి, కెమెరాని జిప్ సంచిలో గట్టిగా మూసి తీసుకురండి. గది వేడికి వచ్చేదాకా, రెండు గంటలైనా, తెరవకండి. ఈలోపు బొగ్గుల పొయ్యి దగ్గర కూర్చుని హోమ్‌స్టే ఆవిడ పోసిన వెన్న టీ తాగొచ్చు. ఉప్పగా ఉంటుంది, మొదటి గుక్కకి నచ్చకపోవచ్చు. ఆ చలిలోంచి వచ్చాక రెండో కప్పు మీరే అడుగుతారు. పొయ్యి ఉన్న గదికి కాస్త గాలి వచ్చే దారి ఉందో లేదో చూసుకోండి, దాని పక్కనే నిద్రపోకండి.

ఇంటికి వచ్చాక, ఫొటోలు కలపడానికి విండోస్ అయితే సీక్వేటర్, మ్యాక్ అయితే స్టారీ ల్యాండ్‌స్కేప్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్. పదహారు ఫొటోలు ఇచ్చి ఆకాశం ఏదో నేల ఏదో గుర్తిస్తే చుక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, నేలని కదలకుండా ఉంచుతాయి. తర్వాత లైట్‌రూమ్ లాంటి ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాస్ట్ కొద్దిగా పెంచి, పాలపుంతలోని నల్లటి ధూళి చారలు పైకి తేలేలా చేయండి. క్లారిటీ స్లైడర్ని సగం దాటించొద్దు. దాటిస్తే ప్రతి చుక్కా ఉప్పురాయిలా అయిపోతుంది. విడిగా తీసిన నేల ఫొటోని కింద అతికించేటప్పుడు నేల ఆకాశం కన్నా చీకటిగానే ఉండనివ్వండి. అక్కడ నిలబడ్డప్పుడు మీ కళ్ళకి అలాగే ఉంది కదా.

మొదటి రాత్రి ఎలా వచ్చినా మూడు రాత్రులుండేలా వెళ్ళండి. ఒక రాత్రి మబ్బుకి పోతుంది, ఒక రాత్రి గాలికో తలనొప్పికో పోతుంది. మిగిలిన ఆ ఒక్కదానిలో కూడా అన్ని ఫ్రేములూ అయ్యాక ఒక పావుగంట కెమెరా ఆపేసి, చాప పరుచుకుని వెల్లకిలా పడుకోండి. నేను రెండోసారి వెళ్ళినప్పుడు అలా పడుకున్నాను. ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్త కంటికి చిన్న దూదిపింజలా కనిపించింది. దూరంగా చీకట్లో అడవి గాడిదలు, అక్కడివాళ్ళు క్యాంగ్ అంటారు, రాళ్ళ మీద నడుస్తున్న గిట్టల చప్పుడు వినబడుతూనే ఉంది.